శుక్రవారం నాడు అమ్మ మిల్లుకొచ్చింది

ఈ ఎండాకాలం మా దుకాణంలో స్రవంతి అనే అమ్మాయి బిల్లులు రాసింది. నడిగూడెం పిల్ల, కోదాడలో డిగ్రీ చదువుతుంది. నాది బోరు మోటార్లు, పైపులు అమ్మే దుకాణం. వాళ్ల నాన్న ఎప్పటినుంచో మా దగ్గర పైపులు తీసుకుపోయే రైతు. సెలవుల్లో పిల్ల ఖాళీగా ఉంటుంది, ఏదన్నా పని చూపించమని ఆయన అడిగితే నేనే రమ్మన్నాను. పని బాగా చేసింది. జీతం మాత్రం నెల దాటినా నేను ఇవ్వలేదు. ఎగ్గొట్టాలని కాదు. ఉద్దెర సామాను తీసుకుపోయిన వాళ్ల దగ్గర నుంచి నాకు రావలసింది రాలేదు, కంపెనీకి కట్టవలసింది ఆగదు, మధ్యలో ఆపగలిగింది ఆ పిల్ల జీతం ఒక్కటే. రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ "ఇస్తనమ్మా" అన్నాను. మూడోసారి ఒక సాయంత్రం వచ్చి కౌంటరు ముందు నిలబడింది. మరునాడు కాలేజీ ఫీజుకు ఆఖరు రోజట. అప్పుడే నా భార్య గల్లాపెట్టె మీది లక్ష్మీదేవి పటం ముందు దీపం పెట్టి, అగరొత్తి వెలిగించి లోపలికి పోయింది. నేను తల ఎత్తకుండానే అన్నాను, "దీపం పెట్టినం గదమ్మా. ఇప్పుడు పైసలు బయటికి తియ్యం. రేపు పొద్దున రా."

ఆ పిల్ల కదల్లేదు. "పోనీ ఫోన్‌లో కొట్టండి సార్. ఫోన్‌కి దీపం పెట్టలేదు కదా" అంది.

మూలన మోటారు విప్పుతున్న మెకానిక్ పకపకా నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వుతూనే పంపించాను. ఆమె ఫోన్ చూసుకొని, "వచ్చినయ్ సార్" అని వెళ్లిపోయింది. ఆ పిల్ల సంగతి అంతటితో అయిపోయింది. నా నోట్లోంచి అంత సులువుగా, వెతుక్కోకుండా వచ్చిన మాట సంగతే అయిపోలేదు. అది మా ఇంట్లో నేర్చుకున్న మాట కాదు. మాది గొర్లు కాసే ఇల్లు. మా ఇంట్లో గల్లాపెట్టె లేదు. ఉన్న నాలుగు పైసలు అమ్మ రొండిన ఉండేవి. అమ్మకు వారమూ లేదు, వర్జ్యమూ లేదు, అవసరం వచ్చిన రోజు అవి బయటికి పోయేవి. ఆ మాట నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు గేటు దగ్గర, ఇట్లాంటి ఎండాకాలం సెలవుల్లోనే నేర్చుకున్నాను. నేర్చుకున్న మాటను అందరికంటే గట్టిగా ఎవరి మీద వాడానో ఇన్నేళ్లలో నేను ఎవరికీ చెప్పలేదు.

మా ఊరు పెన్‌పహాడ్ పక్కన చిన్న పల్లె. రెండర్రల ఇల్లు, ముందర ఇంటికంటే పెద్దదైన దొడ్డి, దాని చుట్టూ తుమ్మ కంప. ఇంట్లో ఏ వస్తువు ముక్కు దగ్గర పెట్టుకున్నా గొర్రె వాసన వచ్చేది. గొంగట్లో, అన్నం కుండలో, చివరికి నా పుస్తకాల్లో కూడా. అమ్మ పొద్దున్నే దొడ్డి ఊడ్చి, పెంట ఒక పక్కకు కుప్ప చేసి, చేతులు బూడిదతో రుద్ది కడుక్కొని జొన్న గటక వండేది. ఎంత కడిగినా ఆ చేతుల వాసన పోయేది కాదు. ఆ వాసన లేని గటక మాకు రుచించేది కూడా కాదేమో. నాయిన మాటలు తక్కువ మనిషి. మందను ఎన్నడూ లెక్కపెట్టేవాడు కాదు, లెక్కపెడితే తరుగుతయి అనేవాడు. సాయంత్రం దొడ్డి తడిక పట్టుకొని నిలబడి, ఒక్కొక్కటి లోపలికి పోతుంటే మొహాలు చూసేవాడు. "నల్లమూతిది రాలే" అని ఒక్క మాట అని వెనక్కి తిరిగి చెలకల్లోకి పోయేవాడు. అరగంటకో గంటకో దాన్ని భుజాల మీద వేసుకొని వచ్చేవాడు. ఆ వచ్చినప్పుడు కూడా ఎక్కడ దొరికిందో చెప్పేవాడు కాదు, కాళ్లు కడుక్కొని గటక ముందు కూర్చునేవాడు.

యాసంగి కోతలయ్యాక నాయిన మందను తోలుకొని కాలువ కింది ఊళ్లకు, చిలుకూరు వైపు పోయేవాడు. కోసిన పొలాల్లో రాత్రిపూట మంద పెడితే ఆ పెంట పొలానికి బలం. అందుకు రైతు వడ్లు కొలుస్తాడు, లేదంటే పైసలిస్తాడు. ఎప్పుడిస్తాడంటే ఆయన పంట పైసలు ఆయనకు వచ్చినప్పుడు. అందుకే మా ఇంట్లో పైసలు ఆలస్యంగా రావడమనేది ఎవరి తప్పూ అనిపించేది కాదు. వాన ఆలస్యమైనట్టు అదీ ఆలస్యమయ్యేది. నాయిన ఎవర్నీ అడిగేవాడు కాదు. అడగడం అమ్మ పని. అడగబోయే రోజు అమ్మ తలకు నూనె పెట్టి దువ్వుకొని, ఉన్నదాంట్లో మంచి చీర కట్టుకొని పోయేది. "అడిగేటోళ్లు మురికిగ పోతే బిచ్చమనుకుంటరు బిడ్డా. మనం మనది అడుగుతున్నం" అనేది.

ఇంటర్ మొదటి ఏడు పరీక్షలు రాశాక మా ఊళ్లో చదువు చెప్పే పంతులు ఒక మాట చెప్పి నన్ను ఆ మిల్లులో పెట్టించాడు. సీజనంతా అక్కడే ఉండాలి, గోనె సంచుల గది పక్కన పడక. గేటు దగ్గర నాకొక కుర్చీ, బల్ల. వచ్చిన బండి ఎవరిది, ఏ ఊరిది, ఎన్ని బస్తాలు, కాంటా ఎంత చూపింది రాసి, చిట్టీ చింపి ఇవ్వడం నా పని. జీతం నెలకు ఇంత అని మిల్లు సేటు చెప్పాడు. ఎప్పుడిస్తాడో చెప్పలేదు, నేనూ అడగలేదు. మొదట్లో ఊక దుమ్ము చెమటకు అంటుకొని మెడంతా దురద పెట్టేది. తర్వాత అలవాటైంది. వడ్లు ఉడికే ఆవిరి వాసన పొద్దంతా ఒంటిని పట్టుకొని ఉండేది. కొన్నాళ్లకు చొక్కా విప్పి మూచూస్తే అందులో గొర్రె వాసన లేదు. నాకు సంతోషమైంది. ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది గాని ఆ సంతోషం నిజం.

సేటు చెడ్డవాడు కాదు. మధ్యాహ్నం ఇంటి నుంచి ఆయన క్యారేజీ వస్తే అందులోంచి నాకు పప్పు, మామిడికాయ తొక్కు పెట్టించేవాడు. "తినుర, చదువుకునే పిల్లగానివి" అని పక్కన నిలబడి తినిపించేవాడు. పైసలు బయటికి పోయే విషయంలో మాత్రం ఆయనకు కొన్ని పద్ధతులుండేవి. పొద్దున మొదటి బండి కాంటా కానిదే ఇవ్వడు, అది బోణీ. దీపాలు పెట్టాక ఇవ్వడు. మంగళవారం ఇవ్వడు, శుక్రవారం అసలే ఇవ్వడు, అమావాస్యనాడు గల్లా తాళమే తియ్యడు. మిగిలిన వేళల్లో బ్యాంకుకు పోతాడు, లేకపోతే లారీల వాళ్లతో బేరంలో ఉంటాడు. ఇవి ఆయన కల్పించుకున్న సాకులు కావు. వాళ్ల తాతల నాటి నుంచి వచ్చిన కట్టుబాట్లు, మనసారా నమ్మేవాడు. శుక్రవారం పైసలు లోపలికి రావడానికి మాత్రం అడ్డేమీ ఉండేది కాదు.

మొహం మీద లేదనడం ఆయనకు చేతకాదు. ఆ పని నాకు అప్పగించాడు. "నువ్వు చదువుకున్నోనివి. జర నిమ్మలంగ చెప్పి పంపియ్యి" అన్నాడు. కూలి పైసల కోసం వచ్చిన వాళ్లు ముందు నా బల్ల దగ్గరికే రావాలి. వచ్చేవాళ్లలో సైదమ్మ ఒకామె. ఆరబోసిన వడ్లు ఊడ్చి ఎత్తే ఆడవాళ్లకు పెద్ద. మా అమ్మ వయసే ఉంటుంది.

"ఇయ్యాల మంగళవారం సైదమ్మా" అన్నాను ఒకరోజు.

"నిన్న బోణీ కాలేదంటివి."

"నిన్న కాలే."

"మొన్న దీపాలు పెట్టినమంటివి. నీ క్యాలెండర్ల ఇచ్చే దినం ఒక్కటన్న ఉన్నదా సారూ, లేకుంటే మేమే ఒకటి గీస్కోవాల్నా?"

వెనక ఉన్న ఆడవాళ్లంతా నవ్వారు. నాకు "సారూ" అన్నదే వినబడింది, దానిలోని వెక్కిరింత వినబడలేదు. అంతకుముందు నన్నెవరూ సారూ అనలేదు. చెరగులు దులుపుకొని వాళ్లు వెళ్లిపోతుంటే నా పని నేను బాగా చేశాననుకున్నాను.

ఆ పద్ధతుల్లో ఒక సందు కూడా ఉండేది. ఒకసారి శుక్రవారం నాడు బస్తా జారి ఒక హమాలీ చెయ్యి విరిగింది. సేటు గేటు దాకా పరుగెత్తుకొచ్చి, ఎదురుగా ఉన్న టీ దుకాణం ఆయనను కేకేసి, "ఇతనికి దవాఖానకు పైసలు నువ్వియ్యి, రేపు నేను నీకిస్త" అన్నాడు. అట్లా ఆ రోజు లక్ష్మి మిల్లులోంచి బయటికి పోలేదు, టీ దుకాణంలోంచి పోయింది. ఆ తర్వాత కూడా ఒకటి రెండుసార్లు అట్లాగే జరిగింది. అవసరం గట్టిదైతే, అది సేటు చెవిన పడితే, ఆ సందు తెరుచుకునేది. చెవిన వేయవలసింది గేటు దగ్గర కూర్చున్న నేను.

గొర్రెలకు చిటుకు రోగమని ఒకటుంది. తొలి వానలు పడి లేత గడ్డి మొలిచినప్పుడు వస్తుంది. చిటికె వేసినంతలో ప్రాణం పోతుంది కాబట్టి ఆ పేరు. వానలకు ముందే టీకా వేయించాలి, వేయించాక అది పట్టుకోవడానికి కూడా కొన్నాళ్లు కావాలి. ఆ యేడు పశువుల దవాఖానకు మందు రాలేదు. సూర్యాపేటలో ఉండే ఒక కాంపౌండరు ఐసు డబ్బాలో మందు తెచ్చి ఊరూరా వేస్తున్నాడు. మూత తీసిన మందు నిలవ ఉండదు గనుక ముందు పైసలు కట్టిన వాళ్ల గొర్రెలకే లెక్క చూసుకొని తెస్తాడు. మా ఊరికి ఆదివారం వస్తానన్నాడు. శనివారం పొద్దుటికల్లా ఎవరి పైసలు వాళ్లు కట్టాలి. చిలుకూరు వైపు నుంచి నాయిన మందతో ఇంటి దారి పట్టాడు గాని, అక్కడి రైతు పంట పైసలు రాలేదని ఉత్త చేతులతో పంపాడు. ఆ కబురు గురువారం పొద్దుగూకే వేళకు అమ్మకు చేరింది. ఇక ఇంటికి రావలసిన పైసలు ఎక్కడన్నా ఉన్నాయంటే అవి నా జీతమే.

శుక్రవారం పొద్దున నేను సైదమ్మను ఒకసారి పంపించేశాను. ఆమె ఇంటి కిరాయి కట్టాలట, ఇంటామె సామాను బయట పెడతానందట. "ఇయ్యాల శుక్రవారం, నీకు తెల్వనిదా?" అన్నాను. ఆమె గేటు గోడ నీడన చీపురు పక్కన పెట్టుకొని కూర్చుంది. సేటు లోపల గదిలో లెక్కలు చూసుకుంటున్నాడు. నా బల్ల ముందు ఒక లారీ డ్రైవరు చిట్టీ కోసం నిలబడి, "జర జల్ది సార్, ఎండెక్కుతున్నది" అంటున్నాడు. అప్పుడు గేటులోంచి అమ్మ వచ్చింది. ఆకుపచ్చ చీర, నూనె పెట్టి దువ్విన తల. అడగడానికి కట్టుకునే చీర అది. కాళ్లు మాత్రం చీలమండల దాకా దుమ్ము. ఆమెకంటే ముందు ఆమె వాసన నా దగ్గరికొచ్చింది.

"ఏందమ్మా, గిట్లొచ్చినవ్?" అన్నాను.

"నాయిన కబురు పంపిండు బిడ్డా. ఆడ పైసలు రాలేదంట. కాంపౌండరు ఐతారం వస్తడు. రేపు పొద్దుగాల కట్టకుంటే మనకు మందు తేడు. నీ జీతం సేటు ఇస్తడేమో అని వచ్చిన. మొత్తం కాకున్నా సగమన్న."

గోడ నీడన సైదమ్మ తల ఇటు తిప్పింది. డ్రైవరు కూడా చూశాడు. ఆ నిమిషంలో నేనేమనుకున్నానో ఇన్నేళ్లుగా నాకు నేను రకరకాలుగా చెప్పుకున్నాను. ఇప్పుడే కాదని పంపిన మనిషి ముందు నా తల్లికి ఇప్పిస్తే న్యాయం కాదని అనుకున్నానని చాలాకాలం చెప్పుకున్నాను. అది అబద్ధం. సైదమ్మ మీద నాకు అంత న్యాయం ఉంటే పొద్దున ఆమె మాట కూడా సేటు చెవిన వేసేవాణ్ణి. నేను భయపడింది ఆమె నోటికి. "తల్లికో క్యాలెండరు, మాకో క్యాలెండరా సారూ" అని పది మందిలో అంటుందని. అంతకంటే కూడా, లోపలికి పోయి సేటు ముందు నిలబడి "మా గొర్లకు సూదిమందు వేయించాలె" అనడానికి నాకు నోరు రాలేదు. కుర్చీలో కూర్చొని ఇతరులకు లేదని చెప్పేవాణ్ణి, లేచి పోయి అడిగేవాళ్ల వరసలో నిలబడవలసి వచ్చింది. నేను లేవలేదు.

"ఇయ్యాల శుక్రవారమమ్మా. పైసలు ఇయ్యరు. ఈడ పద్ధతి అది. రేపు నేనే తీస్కొని వస్త, నువ్వు పో" అన్నాను. అమ్మతో మాట్లాడే గొంతు కాదది. సైదమ్మతో మాట్లాడే గొంతు.

"ఒక్కసారి సేటును అడిగి సూస్తవా?"

"అడిగితే మంచిగుండదు."

అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "తిన్నవా?" అంది. తిన్నానన్నాను. అంత ఎండలో వచ్చిన మనిషికి మంచినీళ్లు కూడా ఇవ్వలేదు నేను. ఆమె వెనుదిరిగి పోయింది. సైదమ్మ లేచి కొంగు దులుపుకొని, "మీ అమ్మనా?" అంది. నేను తల వంచుకొని రాస్తున్నట్టు కూర్చున్నాను. "మొహం నీదే" అని ఆమె కూడా గేటు బయటికి నడిచింది.

శనివారం తెల్లవారుతుండగానే సేటు గల్లా తాళం జేబులో వేసుకొని కోదాడలో చుట్టాల పెండ్లికి పోయాడు. ఆ సంగతి నాకు ఆయన పోయాకే తెలిసింది. ఆదివారం సాయంత్రం వచ్చాడు, అప్పటికి దీపాలు పెట్టారు. సోమవారం అమావాస్య. మర్నాడు మంగళవారం. నేను పేరు పేరునా అందరికీ వల్లించిన క్యాలెండరు ఒక్కొక్క రోజే నా ముందు నిలబడింది. బుధవారం మొదటి బండి కాంటా కాగానే లోపలికి పోయి అడిగాను. ఆయన ఎందుకని అడక్కుండానే మొత్తం జీతం లెక్కపెట్టి ఇచ్చాడు. ఇచ్చాక ఇంత తొందరేమిటని అడిగాడు. చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"శుక్రవారం మీ అమ్మ ఈడికి వచ్చిందా?"

"వచ్చింది."

"మరి నాకెందుకు చెప్పలేదుర? నేను లోపల్నే ఉన్న గద. టీ దుకాణమాయన లేడా? గా పద్ధతులు మందిని నిమ్మలంగ పంపనీకి, తల్లిని పంపనీకారా?"

బస్సు కిరాయికని పైన మరికొంత చేతిలో పెట్టి, నన్ను అప్పుడే ఊరికి పొమ్మన్నాడు.

నేను ఇంటికి పోయేసరికి మబ్బు పట్టింది. ఆ యేడు వాన కార్తెకు ముందే దిగింది. కాంపౌండరు ఆదివారమే వచ్చి పైసలు కట్టిన వాళ్ల మందలకు వేసి పోయాడు. మళ్లీ కబురంపి, మా ఒక్క మందకోసం రప్పించేసరికి చెలకల్లో గడ్డి పచ్చబడింది. సూదులు వేశాడు గాని, "మందు పట్టుకునే దాక రోగమాగుతదో లేదో దేవునికెరుక" అని చెప్పే పోయాడు. ఆగలేదు. బలిసినవే ముందు పడ్డాయి. నున్నగా, కళ్లు మిలమిలలాడుతూ ఉన్న పిల్లలు మేస్తూ మేస్తూ గాలిలోకి ఎగిరినట్టు ఎగిరి, నాలుగు కాళ్లు చాపి పడిపోయేవి. పొద్దున దొడ్డి తడిక తీస్తే తల్లులు లేచి నిలబడేవి, పక్కన పిల్లలు లేచేవి కావు. తడి బొచ్చు వాసన, ఊరి బయట తవ్విన గుంతలోని పచ్చిమట్టి వాసన ఇంకా నాకు ఎక్కడ వాన మొదలైనా ముక్కుకు తగులుతాయి. అన్నీ అయిపోయాక ఒక పొద్దున నాయిన తడిక దగ్గర నిలబడి, వేలు చాపి, మిగిలినవాటిని ఒకటి రెండు అని లెక్కపెట్టాడు. ఆయన లెక్కపెట్టగా నేను చూడడం అదే మొదటిసారి. ఎక్కువసేపు పట్టలేదు.

"సేటు పైసలెందుకియ్యలే?" అని అప్పుడడిగాడు నన్ను. అంతకుముందు అడగలేదు.

"శుక్రవారమని ఇయ్యలే నాయినా" అన్నాను.

అమ్మ అక్కడే ఉంది, పెంట ఎత్తుతోంది. చేతిలో పని ఆపలేదు. నాయిన "శుక్రవారమైతే గొర్రె సావకుంట ఆగుతదా" అని ఒక్క మాట అని లోపలికి పోయాడు.

మిగిలినవాటిని సూర్యాపేట అంగడికి తోలుకుపోయి వచ్చిన ధరకు అమ్మేశాడు. తర్వాత నాయిన వేరేవాళ్ల మందకు జీతానికి కుదిరాడు. ఏడాదికి ఇంత అని మాట. ఆ జీతం కూడా ఎన్నడూ సమయానికి రాలేదు. ఆయన అడగలేదు, అమ్మే తల దువ్వుకొని పోయి అడిగేది. ఆ జీతంతోనే నేను పాలిటెక్నిక్ చదివాను, కోదాడలో దుకాణం పెట్టేదాకా వచ్చాను. మా చుట్టాల్లో ఏ పెండ్లికి పోయినా, ఏ చావుకు పోయినా, మా మంద మాట వస్తే, "మిర్యాలగూడ సేటు పైసలు ఆపి మా గొర్లను సంపిండు" అని నాయిన చెప్పేవాడు. మాటలు తక్కువ మనిషి పదిమందిలో చెప్పే కథ అదొక్కటే. నేను పక్కన కూర్చొని వినేవాణ్ణి. ఒకసారి సూర్యాపేట బస్టాండులో ఆ సేటే కనబడి, చెయ్యి పట్టుకొని, "మీ అమ్మ మంచిగున్నదా? ఆనాడు మస్తు బాధైంది నాకు" అన్నాడు. ఆయన కనబడిన సంగతి నేను ఇంట్లో చెప్పలేదు. చెబితే ఆయన ఏమన్నాడని అడుగుతారు.

ఇప్పుడు పైసలకు చేతులు అక్కర్లేదు, ఫోన్ నుంచి ఫోన్‌కు పోతాయి. ఫోన్‌కు మంగళవారం లేదు, బోణీ లేదు. ఇది మంచి కాలం అని నేను నలుగురిలో అంటుంటాను. అయినా స్రవంతికి నెల దాటినా పోలేదు. సర్వర్ పనిచేస్తలేదు, లిమిట్ అయిపోయింది, కంపెనీకి కట్టాలె. నేను ఈ మధ్య అన్న మాటలన్నీ కూడబెట్టి చూస్తే అదీ ఒక క్యాలెండరే. ఎవరి పైసలు ఆపితే గొడవ ఉండదో చేతికి తెలుస్తుంది. సెలవుల్లో పనికొచ్చిన పిల్లలు గట్టిగా అడగరు. ఇంటి దగ్గర ఆ పైసల కోసం ఎవరు ఎదురుచూస్తున్నారో, ఏది ఆగిపోయి ఉందో మనకు చెప్పరు. నేను ఆ సేటుకంటే మంచివాణ్ణని చెప్పుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆయనకు తెలిసి ఉంటే ఇచ్చేవాడు. స్రవంతి ఫీజు సంగతి నాకు తెలుసు.

నాయిన పోయి కొన్నేళ్లయింది. అమ్మ కొన్నాళ్లు సూర్యాపేటలో మా చెల్లె దగ్గర, కొన్నాళ్లు నా దగ్గర ఉంటుంది. స్రవంతి నవ్వించి పోయిన తర్వాత వచ్చిన ఆదివారం పొద్దున అమ్మ హాల్లో చాప వేసుకొని చింతపండు గింజలు తీస్తోంది. దుకాణం మూసి ఉంది. నేను ఆమె ఎదురుగా కింద కూర్చున్నాను. ఎట్లా మొదలుపెట్టాలో తెలియక నేరుగానే అన్నాను.

"అమ్మా, నువ్వు మిర్యాలగూడకు వచ్చిననాడు సేటు ఇయ్యననలే. నేను అడగనే లేదు. అడిగితే ఇచ్చేటోడు."

"ఎరుకే" అంది అమ్మ, తల ఎత్తకుండా.

"ఎట్లెరుక?"

"గా సైదమ్మ చెప్పింది. నా ఎంబడే బస్టాండు దాక వచ్చింది పాపం. శుక్రవారమైనా టీ దుకాణమాయనతోని ఇప్పిస్తడు, మల్ల పోయి సేటునే అడుగు, నీ కొడుకు సిగ్గుపడ్డడు అన్నది."

"మరెందుకు అడగలే?" అన్నాను.

"మల్లొచ్చిన. గేటు దాక వచ్చిన" అంది. "నువ్వు రాసుకుంట కూసున్నవు. ఇంకో లారీ అతను నీ ముంగట నిలబడి సార్ సార్ అంటుండు. మనింట్ల పుట్టినోళ్లను ఎవ్వరన్న సార్ అన్నరా అప్పటిదాక? నేను లోపలికొచ్చి గొర్లకు సూదిమందని సేటును అడుక్కుంటే, మల్ల నిన్ను అట్ల అంటరో అనరో అనిపిచ్చింది. గాడ్నే నిలబడి జరసేపు సూసిన. సంబురమైంది బిడ్డా. బస్సుకు టైమైతున్నదని మర్లిపోయిన."

"మంద సంగతి?"

"మంద నా కండ్ల ముంగట లేదప్పుడు. నువ్వున్నవు."

చింతపండు రెబ్బ చీల్చి గింజ పక్కకు వేసింది. నా తప్పు నాదనుకొని ఇన్నేళ్లు మోశాను. అందులో సగం ఆమె కూడా మోస్తోందని, మోస్తూనే నాయిన చెప్పే కథను నా పక్కనే కూర్చొని విన్నదని నాకు ఏనాడూ తోచలేదు.

"నాయినకు ఎన్నడూ చెప్పలేదా?" అన్నాను.

అమ్మ అప్పుడు తల ఎత్తింది. "నువ్వు చెప్పినవా?"

గోడ మీద నాయిన పటం ఉంది. మేమిద్దరం అటు చూడలేదు.